మా వీధిలో ఎదురుమోత

మొదట నా చేతిలో ఏమేం ఉన్నాయో చెప్పాలి. ఒక కొట్టు. గాజు పలకలు కోయడానికి వీధిలోకెల్లా పొడవైన బల్ల, దాని మీద పరిచిన మందపాటి కంబళి. రెండు మంచి కట్టర్లు. ఇచ్చిన మాటకు సరుకు అందిస్తాడన్న పేరు. ఇవి కాక ఒక తోలు పట్టీ. పెద్ద పలకల్ని మోసేటప్పుడు భుజానికి తగిలించుకుని అడుగు అంచు కిందుగా వేసుకునే ఈ పట్టీలు ఎప్పుడూ జతగా వస్తాయి. నా దగ్గర జతలో ఒకటే ఉండేది. రెండోది ఎదురు కొట్టులో, మా బావ దగ్గర ఉండేది.

బావ అంటే మా అక్క మొగుడు. ఒకప్పుడు ఇద్దరిదీ ఒకటే వ్యాపారం. ఒక బట్టల దుకాణానికి నిలువుటద్దం కోస్తే బొటనవేలి వెడల్పు తక్కువొచ్చింది. టేపు చదివింది నువ్వంటే నువ్వని మొదలై, చివరికి కొట్టునే రెండుగా కోసుకున్నాం. బల్ల నాకు వచ్చింది. గోదామూ, అందులో పెద్ద పలకల్ని నిలబెట్టే స్టాండూ, వ్యానూ ఆయనకు పోయాయి. పట్టీల దగ్గరికొచ్చేసరికి ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు. చెరొకటి తీసుకున్నాం.

"ఒంటి పట్టీతో ఏం చేసుకుంటారు ఇద్దరూ?" అని అక్క అడిగింది.

"వాడికి దక్కకుండా దాచుకుంటాను" అన్నాడు బావ. నేనూ అదే మాట అన్నాను. ఆ రోజు మా ఇద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

పర్యవసానం ఏమిటంటే, పెద్ద పలక నిలబెట్టే చోటు ఆయనకుంది గానీ కోసే బల్ల లేదు. నాకు బల్ల ఉంది, పలక లేదు. పెద్ద కిటికీకి అద్దం కావాలని ఎవరైనా వస్తే, "ఆ సైజు రావడం మానేసిందండీ" అని నేను చెప్పేవాణ్ణి. అక్కడికి వెళితే, "ఆ సైజు ఇప్పుడెవరూ వాడట్లేదండీ" అని ఆయన చెప్పేవాడు. వచ్చినవాడు ఇద్దరికీ దణ్ణం పెట్టి ఊరి బయట ఫ్యాక్టరీకి పోయేవాడు. మేము ఫొటో ఫ్రేములకూ అల్మరా తలుపులకూ అద్దాలు వేసుకుంటూ, ఒకరి కొట్టు ఖాళీగా ఉందా లేదా అని మరొకరం చూసుకుంటూ సంతోషంగానే ఉన్నాం.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం నిఘంటువు మాస్టారు వచ్చాడు. మాటలు పోగుచేసి అర్థాలు రాసే ఆఫీసుకు ఆయనే పెద్ద. పొడుగాటి మనిషి, మాట్లాడుతూ ఉంటే చేతులు ఒకచోట ఉండవు. నా కొట్టులో చేతులూపే మనిషిని చూస్తే నాకు ప్రాణం మీదికొస్తుంది. ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టాను.

"కొత్తగా చదువుకునే హాలు కట్టాం బాబూ. వీధి వైపంతా ఒకే అద్దం ఉండాలి. అతుకు కనబడకూడదు. దారిన పోయేవాడికి లోపలి పుస్తకాలు కనబడాలి, లోపలివాడికి దారి కనబడాలి. ఎల్లుండి హాలు తెరుస్తున్నాం. ఫ్యాక్టరీ వాళ్ళు ఇప్పుడు కుదరదంటున్నారు."

కొలత చెప్పాడు. తొమ్మిదడుగుల పొడవు, అయిదున్నర అడుగుల ఎత్తు. నా గుండె ఒక్క గంతు వేసింది. అంత పలక ఈ వీధిలో ఒక్కటే ఉంది. నా గుమ్మంలో నిలబడితే కనబడుతుంది. బావ గోదాములో, స్టాండు మీద, దుమ్ము కప్పుకుని ఏళ్ళ తరబడి నాకేసి చూస్తూనే ఉంది.

"వేసేద్దామండీ" అన్నాను.

లెక్క ముందు, నోరు తర్వాత నా పద్ధతి. ఆ రోజు నోరు ముందు పరిగెత్తింది. ఎందుకంటే ఆ హాలు ఉన్నది ఊళ్ళో అందరూ నడిచే దారిలో. ఆ అద్దం నిలబడితే దాని ముందు నుంచి పోయే ప్రతి మనిషీ నా కొట్టుకు ప్రచారకుడే. నిలబడకపోతే, ఎల్లుండి పొద్దున ఆ ఖాళీ చౌకట్టు ముందు నుంచి పోయేవాళ్ళందరికీ నేను మాట తప్పినవాణ్ణి. పేరు తప్ప నా దగ్గర పెద్ద పెట్టుబడేదీ లేదు. అది మొత్తం ఆ చౌకట్టులో పెట్టేశాను.

"పలక ఎక్కడుంది?" అన్నాడు మాస్టారు.

చూపించాను.

"మరి అడిగేయండి."

"మేం మాట్లాడుకోమండీ."

ఇంకొకరైతే లేచి వెళ్ళిపోయేవారు. ఈయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "అయితే ఒక సంగతి చెప్పండి. మాటల్లేనివాళ్ళు మాట్లాడుకోవలసి వస్తే, మీ వీధిలో దాన్ని ఏమంటారు?"

"ఎదురుమోత ఎత్తడం అంటామండీ."

కుర్చీలోంచి ఒక్కసారిగా లేచాడు. నేను పరుగున వెళ్ళి ఆయన మోచేతికీ అలమరకూ మధ్య నిలబడ్డాను.

"ఎదురుమోత! ఇది మా దగ్గర లేదే! రాయబారం ఉంది. రాయ అంటే రాజు, బారం అంటే బరువు. రాజు తరఫున వెళ్ళేవాడి నెత్తిన పెట్టిన బరువు. సంధి ఉంది. కలిపి పెట్టడం అని. రాజీ ఉంది, అది బయటినుంచి వచ్చి మనలో కలిసింది, ఒప్పుకున్నవాడు అని దాని అసలు అర్థం. కానీ చూడండి, రాయబారంలో మధ్యవాడు ఉన్నాడు, శత్రువులు లేరు. సంధీ, రాజీ అన్నీ అయిపోయాక పెట్టుకున్న పేర్లు. ఇద్దరు శత్రువులు ఎదురెదురుగా నిలబడి, ఇంకా తేలని బేరంలో ఉండగా పట్టుకున్న మాట మీ వీధిలో ఉంది! ఎలా పుట్టింది?"

ఇంత ఉత్సాహంగా నన్ను ఎవరూ ఏదీ అడగలేదు. చెప్పాను. మా తాతల కాలంలో ఈ వీధిలో ఇద్దరు గాజు పనివాళ్ళకు పడేది కాదు. ఒక ఇల్లాలు ఒకరికి తెలియకుండా ఒకర్ని ఒకే పనికి పిలిచింది. బండి మీది పలక జారబోతే ఇద్దరూ ఉరికి చెరొక కొసా పట్టుకున్నారు. వదిలితే పగులుతుంది. దింపుదామంటే కింద గులకరాళ్ళు. వీపు చూపించి పోవడానికి లేదు, చెయ్యి ఎత్తడానికి లేదు, గట్టిగా అరిస్తే అవతలివాడు ఉలిక్కిపడతాడు. అప్పుడు ఒకడు "ఎటు?" అన్నాడట. అదే మొదటి మాట. పలక దించేలోగా పాత తగువంతా తేల్చుకున్నారట.

"ఎవరా ఇద్దరు?"

"ఒకరు మా తాత. బావ వాళ్ళింట్లో మాత్రం వాళ్ళ తాత అంటారు. ఇద్దరూ అయి ఉండొచ్చు గదా అని మా అక్క అంటుంది, దానికి రెండిళ్ళలోనూ ఎవరూ ఒప్పుకోరు."

పద్ధతులు కూడా అడిగాడు. కావలసినవాడు పట్టీ భుజాన వేసుకుని అవతలివాడి గుమ్మం ముందు నిలబడాలి. పిలవకూడదు. అవతలివాడు తన పట్టీ వేసుకుని వస్తే ఒప్పుకున్నట్టు. ఎదురెదురుగా పట్టుకోవాలి. మాట తేలేదాకా పలక కింద పెట్టకూడదు. పెట్టాక ఇంకో మాట కలపకూడదు. అన్నిటికన్నా గట్టిది, దారి చెప్పే మాటను బేరానికి వాడకూడదు.

"అంటే?"

"ఎదురెదురుగా నడిస్తే ఒకడు వెనక్కి నడవాలి గదండీ. వాడికి దారి కనబడదు. మెట్టు ఉందనీ, గుంట ఉందనీ ఎదుటివాడు చెప్పాలి. శత్రువు మాట మీద కాలు వెయ్యాలి."

మాస్టారు ఆ ఆఖరి మాట తనలో తాను ఇంకోసారి అనుకున్నాడు. తర్వాత, "ఎత్తినప్పుడు నేను చూడొచ్చా?" అన్నాడు.

నిజం చెప్పాలంటే, అప్పటికి నాకు ఎత్తే ఉద్దేశం లేదు. అక్క ఉంది గదా అనుకున్నాను. విడిపోయినప్పటినుంచీ ఈ కొట్టు మాట ఆ కొట్టుకూ, ఆ కొట్టు మాట ఈ కొట్టుకూ మోసింది తనే. దారిలో మేము కలిపిన బూతులు తీసేసి, తన వైపునుంచి రెండు మర్యాదలు కలిపి అందజేసేది. మాస్టారు వెళ్ళగానే అక్కకు కబురు పెట్టాను. వచ్చింది, అంతా విన్నది.

"నేను చెప్పనురా" అంది.

"అదేంటక్కా?"

"మీ ఇద్దరి మాటలూ మోసీ మోసీ మెడ పట్టేసింది. ఇన్నేళ్ళలో మీ బావ 'ఎలా ఉన్నాడు వాడు' అని ఒక్కసారన్నా అడిగాడా అంటే అడిగాడు, నేను చెప్పలేదు. నువ్వు అడిగావా అంటే అడిగావు, అదీ చెప్పలేదు. ఎందుకో తెలుసా? చెబితే ఇంకా బిగుసుకుంటారు. నీ పట్టీ ఉందిగా, వేసుకో. నీ బరువు నువ్వే మొయ్యి."

"ఆయన రాకపోతే?"

"రాకపోతే వీధిలో పరువు పోతుంది. పోతే పోయిందనుకుని ఇంటికొచ్చి అన్నం తిని పడుకో. అది కూడా నన్నే మొయ్యమంటావా?"

మర్నాడు పొద్దున్నే పట్టీ వేసుకుని వెళ్ళి బావ గుమ్మం ముందు నిలబడ్డాను. అటు లప్పం కలిపేవాడు కలపడం ఆపాడు. ఇటు ఫ్రేములవాడు సుత్తి కింద పెట్టాడు. ఎదురుమోత ఎత్తి చాలా కాలమైంది మా వీధిలో. క్షణంలో గుమ్మాలన్నీ నిండిపోయాయి. మాస్టారు ఎప్పుడొచ్చాడో, ఒక మెట్టు మీద మునివేళ్ళ మీద నిలబడి ఉన్నాడు.

బావ లోపల టీ తాగుతున్నాడు. నన్ను చూశాడు. టీ మొత్తం తాగాడు. గ్లాసు కడిగాడు. తుడిచాడు. వెలుతురుకు పెట్టి మరకేమైనా ఉందా అని చూశాడు. నా చెవులు మండిపోతున్నాయి. అప్పుడు మేకుకు వేలాడుతున్న పట్టీ తీసి భుజాన వేసుకున్నాడు. వీధి మొత్తం ఊపిరి వదిలింది.

ఇక్కడే నేను నా వ్యాపార తెలివి ఉపయోగించాను. వెనక్కి నడిచేవాడు గుడ్డివాడితో సమానం. ముందుకు నడిచేవాడి చేతిలో పగ్గాలుంటాయి. కాబట్టి గోదాములోకి వెళ్ళగానే స్టాండు లోపలి కొస దగ్గర నిలబడ్డాను.

"నీ గోదాము, నీ మెట్లు. నీకు కంఠతా వచ్చు. నువ్వు వెనక్కి నడువు బావా" అన్నాను.

"అలాగేరా" అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు అప్పుడే అనుమానించాల్సింది.

ఎత్తాం. పలక బరువు భుజాల్లోకి దిగింది. రెండు పట్టీలూ ఒకేసారి కిర్రుమన్నాయి. అంచు పక్కనుంచి బావ ముఖం కనబడుతోంది. నెరిసిన మీసం. ఇంత దగ్గరగా చూసి ఎన్నాళ్ళయిందో. ఆయన నాలుగడుగులు వెనక్కి వేశాడు. వేసి, కళ్ళు మూసుకున్నాడు.

"బావా! కళ్ళు!"

"నాకెందుకురా కళ్ళు? నీకున్నాయిగా. నడిపించు." నవ్వాడు. "ఇక బేరానికొద్దాం. పలక ఇస్తాను. బదులుగా పొద్దుటి పూట నీ బల్ల నాది."

"పొద్దుటి పూటా? మంచి వెలుతురంతా నీకా? అది ఎలా — ఆగు! మెట్టు. కిందికి. ఇంకోటి."

దిగాడు. హాయిగా, పడక్కుర్చీలోకి జారుతున్నట్టు దిగాడు. "వెలుతురు నాకే కావాలి. నీకు మధ్యాహ్నం చాలు. మధ్యాహ్నం నువ్వెలాగూ నిద్రపోతావు."

"నేనెప్పుడు నిద్ర — మూడో మెట్టు! ఎడమ పక్క పగిలింది, కుడివైపు వెయ్యి!"

వీధి గొల్లున నవ్వింది. నా లెక్క తిరగబడింది. పగ్గాలు నా చేతిలో ఉన్నాయనుకున్నానా, చెమటంతా నాదే. ఆయన మెట్లు, ఆయన పాదం, ఆయన పలక అన్నీ నేనే చూసుకోవాలి. ఆయనకు ఒక్కటే పని, బేరం. ఒక మాట ఆయన నింపాదిగా అంటాడు. నేను జవాబు నోటిదాకా తెచ్చుకునేసరికి కాలవ మీది మూత వస్తుంది, లేదా సైకిలు వస్తుంది. జవాబు మింగేసి దారి చెప్పాలి.

"సైకిలు! ఆగు... పోయింది. కదులు."

"పొద్దుటి పూటతో పాటు ఆ రెండు కట్టర్లలో ఒకటి."

"నీ మొహం! కట్టరు — తల వంచు, బోర్డు!"

వీధి మధ్యలో, రోడ్డు కుంగి గుంట పడిన చోట, ఆయన మడమ అంచుకు వచ్చింది. నేను ఒప్పుకోవాలి, ఆ క్షణంలో ఒక ఆలోచన వచ్చింది. నోరు మూసుకుంటే చాలు. ఒక్క ఊపిరి సేపు మూసుకుంటే చాలు. మడమ జారుతుంది, గుండె ఝల్లుమంటుంది, కళ్ళు తెరుస్తాడు, బేరంలో తగ్గుతాడు. పద్ధతి ఒప్పదు. కానీ పద్ధతి గుర్తొచ్చి ఆగానని చెప్పుకుంటే అబద్ధం. లెక్క వేశాను. ఆయన పడితే పలక పడుతుంది. పలక పడితే నా చౌకట్టు ఖాళీ. ఆయన మడమ ఎంత ఆయనదో అంత నాది కూడా.

"గుంట! కుడికి! ఇంకా కుడికి బావా!" అని అరిచినంత పని చేశాను.

కుడికి వేశాడు. కళ్ళు తెరవలేదు.

నా గుమ్మం దాటాం. బల్ల ముందుకు వచ్చాం. కంబళి మెత్తగా పరిచి ఉంది. పలక పెట్టేస్తే సరి. కానీ మాట తేలలేదు. పద్ధతి ప్రకారం దించకూడదు. జనం గుమ్మంలో మూగారు. మాస్టారి తల అందరికన్నా పైన ఉంది.

"పొద్దుటి పూట నాది" అన్నాడు బావ.

"నాది."

"అయితే మోద్దాం."

నిలబడ్డాం. పట్టీ నా భుజంలోకి దిగబడుతోంది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. పలక పై అంచు సన్నగా వణికింది. నా వైపా, ఆయన వైపా? పొట్ట బిగించి నా కొస కదలకుండా పట్టుకున్నాను. ఇంకా వణుకుతోంది. అంటే ఆయనదే! పట్టరాని సంతోషం కలిగింది. గెలిచాను. ఇంకొంచెం ఓపిక పడితే చాలు. పొద్దుటి పూట నాది. పొద్దున్నే వస్తాను, ఎండ ఇలా బల్ల మీద పడుతుంది, పెద్ద పలక ఇలా పరుస్తాను...

ఎవరితో కలిసి పరుస్తాను?

ఆ ప్రశ్న నా బుర్రలోకి సుత్తి దెబ్బలా దిగింది. పెద్ద పలకను ఒక్కడు మోయలేడు. పొద్దుటి పూట నాదైనా దాన్ని తెచ్చి ఈ బల్ల మీద పెట్టడానికి అవతలి కొస ఆయన పట్టుకోవాలి. పొద్దుటి పూట ఆయనదైనా నేను పట్టుకోవాలి. ఎవరి పూటైనా ఇద్దరమూ ఈ బల్ల దగ్గరే ఉంటాం. చిన్న పలకలకు ఈ బల్ల ఆయనకు అక్కర్లేదు. ఎటు చూసినా పంచుకోవడానికి ఏమీ లేని చోట, భుజాలు తెగేలా పంచుకుంటున్నాం!

నాకు నవ్వొచ్చింది. నవ్వితే పలక ఊగింది.

"బావా, పొద్దున నువ్వు కోసినా నేను మోయాలి గదా? నేను కోసినా నువ్వు మోయాలి."

బావ అప్పుడు కళ్ళు తెరిచాడు. "తెలిసిందా? నాకు మూడో మెట్టు దగ్గరే తెలిసింది."

"మరి చెప్పవేం!"

"ఎందుకు చెప్పాలి? 'ఎడమ బావా, కుడి బావా' అంటుంటే చెవులకు బాగుంది. నీ నోటినుంచి వరసగా ఇన్ని నిజాలు విని ఎన్నేళ్ళయింది!"

గుమ్మంలో నవ్వులు. లప్పంవాడు ఈల వేశాడు. అక్క ఎక్కడినుంచో, "ముందు దించండి, తర్వాత పళ్ళికిలించండి!" అని కేకేసింది.

"మాట తేలలేదుగా" అన్నాడు బావ.

"తేలింది. పెద్ద పలక ఎవరి గుమ్మంలోకొచ్చినా ఇద్దరిదీ. చిన్నవి ఎవరివి వాళ్ళవి. బల్లకు పూటల్లేవు."

"కట్టరు?"

"ఇవ్వను."

"సరే, దించు."

దించాం. కంబళి మీద పలక ఆనినప్పుడు చప్పుడు కూడా రాలేదు.

అదే ఊపులో కోశాం. టేపు ఒక కొస ఆయన పట్టుకున్నాడు, ఒక కొస నేను. కొలత నేను గట్టిగా చదివాను. ఆయన మళ్ళీ చదివాడు. ఒకరి మీద ఒకరికి నమ్మకం పుట్టిందని కాదు. వీధి మొత్తం వింటోందని. కట్టరు నేను లాగాను. పలక ఈ చివర నుంచి ఆ చివరకు సన్నగా ఒకే కూత కూసింది. గీత కింద బద్ద పెట్టి, "ఒకటి, రెండు" అని ఇద్దరం ఒకేసారి అదిమాం. టప్పుమని ఒకే దెబ్బకు విడింది. అంచు వెంట వేలు పోనిచ్చి చూశాను. ఎక్కడా పెచ్చు లేదు. జనం చప్పట్లు కొట్టారు. మాస్టారు చేతులు గాలిలోకి విసిరాడు, ఎవరో పట్టుకుని ఆపారు.

సాయంత్రానికల్లా వ్యానులో హాలుకు చేర్చి చౌకట్టులో నిలబెట్టాం. అక్కడ మూడు గుమ్మాలు, ఒక మలుపు. ఈసారి నేను వెనక్కి నడిచాను. కళ్ళు మూసుకోవాలని మూసుకున్నాను గానీ రెండడుగుల కన్నా సాగలేదు, తెరిచేశాను. బావ చూశాడు. "మెట్టు" అన్నాడంతే.

అంచుల చుట్టూ బీడింగు చెక్క కొట్టి, లప్పం తుడిచి, ఇవతలికి వచ్చి చూస్తే అక్కడ అద్దం ఉందనే తెలియలేదు. దారిన పోయేవాడొకడు లోపలి పుస్తకం వైపు చెయ్యి చాచాడు.

"ఎదురుమోతకు అర్థం ఒక్క వాక్యంలో చెప్పండి, పుస్తకంలో వేస్తాను" అన్నాడు మాస్టారు మా ఇద్దరితో.

"శత్రువు పడితే నీ సరుకు పగిలేలా నిలబడి మాట్లాడుకోవడం" అన్నాను నేను.

"ముందు మా తాత ఎత్తాడని వెయ్యండి" అన్నాడు బావ.

"మా తాత" అన్నాను.

మాస్టారు ఇద్దరి తాతల్నీ వేస్తానన్నాడు. ఇద్దరం ఒప్పుకోలేదు.

చివరి లెక్క ఇది. రాబడి వైపు: ఒక పెద్ద అద్దం, దాని ముందు నుంచి రోజూ నడిచే ఊరు. "ఆ సైజు రావడం మానేసింది" అనే అబద్ధం చెప్పాల్సిన పని తప్పింది. పొద్దున్నే వచ్చి నా బల్ల మీద టీ గ్లాసు పెట్టి, తియ్యమంటే తియ్యని ఒక బావ. అక్క ఇప్పుడు మా కొట్లకు ఏదైనా మోస్తే తన మాటే మోస్తోంది, అదీ గట్టిగానే మోస్తోంది. ఖర్చు వైపు: ఒక శత్రువు. అదేమీ చిన్న ఖర్చు కాదు. వ్యాపారం మందగించిన రోజున నెపం వేయడానికి ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు, ఇప్పుడు లేడు. అలాంటి రోజున ఇద్దరం గుమ్మంలో కూర్చుని ఫ్యాక్టరీ వాణ్ణి తిట్టుకుంటున్నాం. అన్నీ తీసివేయగా మిగులు నా వైపే ఉంది. బావ తన వైపు ఉందంటున్నాడు. ఇద్దరి లెక్కా సరిపోయింది.